పిల్లలు లేకుండా డిస్నీ వరల్డ్‌కు వెళ్లవచ్చా?

ప్రశ్న: మేము హనుమకొండలో ఉంటాం. నాకు 57 ఏళ్లు. మావారికి 63, ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. దసరా జమ్మి పెట్టుకున్న తరువాత డాలస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి బయలుదేరుతున్నాం. అబ్బాయికి పెళ్లయి ఐదేళ్లయింది, ఇంకా పిల్లలు లేరు. క్రిస్మస్ సెలవుల్లో నలుగురం కలిసి ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కు ఐదు రోజులు వెళ్దామని వాడూ కోడలూ పట్టుబడుతున్నారు. మా ఆడబిడ్డ మాత్రం ‘పిల్లలు లేకుండా అక్కడికెందుకు వదినా, మనుమడో మనుమరాలో పుట్టినాక పోవచ్చు కదా’ అన్నది. మావారు కూడా అవి చిన్నపిల్లల ఆటలు, మనకెందుకు అంటున్నారు. నాకు లోపల వెళ్లాలనే ఉంది, పైకి చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాకు మోకాళ్ల నొప్పులు, ఆయనకు బీపీ, షుగర్. ఇద్దరం శాకాహారులం. అసలు వెళ్లడం సబబేనా? వెళ్తే ఎలా ఏర్పాటు చేసుకోవాలి?

సమాధానం: అమ్మా, ముందు మీ సిగ్గు సంగతి మాట్లాడి, ఆ తరువాతే తేదీలూ టికెట్ల సంగతికి వస్తాను. మొదటిది తేలకపోతే, రెండోది ఎంత చక్కగా కుదిరినా మీరు అక్కడ మనసారా తిరగలేరు.

మీ ఆడబిడ్డ అడిగిన ప్రశ్నకు జవాబు ఆ స్థలం పుట్టుకలోనే ఉంది. మిక్కీ మౌస్ బొమ్మల సినిమాలు తీసిన వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్లను లాస్ ఏంజిలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకుపోయి, వాళ్లు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే తాను బల్ల మీద ఒంటరిగా కూర్చుని చూస్తూ, పెద్దవాళ్లు కూడా పిల్లలతో సమానంగా సంతోషించే చోటు ఒకటి ఉండాలని అనుకున్నట్టు తానే చెప్పుకున్నాడు. 1955లో కాలిఫోర్నియాలో తెరిచిన డిస్నీల్యాండ్ అనే వినోద పార్కు ఆ తలంపు నుంచి వచ్చింది. అంటే, పెద్దవాళ్లు సంచులు కాపలా కాస్తూ కూర్చోవలసిన అవసరం లేని చోటుగానే దాన్ని కట్టారు. ఫ్లోరిడాలో రెండోది, ఇంకా ఎన్నో రెట్లు పెద్దది, కట్టాలని ఆయన స్థలం కొని ప్రణాళికలు వేసుకున్నాడు గాని, పని మొదలుకాక ముందే 1966 డిసెంబరులో చనిపోయాడు. అప్పటికి పని విరమించుకుని ఇంట్లో ఉండాలనుకుంటున్న ఆయన అన్న రాయ్ డిస్నీ ఆ విశ్రాంతిని పక్కన పెట్టి, 1971 అక్టోబరు 1న దాన్ని తెరిపించి, తమ్ముడి పూర్తి పేరు కలిసి వచ్చేలా వాల్ట్ డిస్నీ వరల్డ్ అని పెట్టించాడు. అప్పుడు ఆయన వయసు 78. ఆ డిసెంబరులోనే ఆయన కూడా కన్నుమూశాడు. 78 ఏళ్ల పెద్దమనిషి తమ్ముడి కోసం పూర్తి చేసిన చోటికి 63 ఏళ్ల మీ వారు వెళ్లడంలో చిన్నతనం ఎక్కడుంది? టికెట్ల లెక్కలోనూ మూడు నుంచి తొమ్మిదేళ్ల వారికే పిల్లల టికెట్టు. పదేళ్లు నిండిన ప్రతివారూ అక్కడ పెద్దల కిందికే వస్తారు.

ఇక ‘మనుమరాలు పుట్టినాక’ అన్న మాట. మీ ఆడబిడ్డ మంచి మనసుతోనే అని ఉండవచ్చు. కాని ఆ మాట మీ కోడలి చెవిన పడితే ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించండి. పెళ్లయి ఐదేళ్లయిన అమ్మాయి ఫోనులోనూ, శుభకార్యాల్లోనూ, గుడి మెట్ల మీద కూడా ఈ ప్రశ్న వింటూనే ఉంటుంది. అత్తమామలతో కలిసి సెలవులు గడపాలని ఆమె తానుగా కోరుకుంటున్నది. ఆ కోరికకు పుట్టబోయే బిడ్డను షరతుగా పెడితే, ఆమె పిలుపుకు ఇప్పుడు విలువ లేదని చెప్పినట్టే అవుతుంది. అందుచేత మీరు వెళ్లడం సబబు మాత్రమే కాదు, ఈసారే వెళ్లడం మంచిదని నేను అంటాను. మీ మోకాళ్లు కూడా ఇంకో ఐదేళ్లకు ఇప్పటికంటే బాగుంటాయని చెప్పలేం కదా. వెళ్లిన తరువాత అక్కడ పసిపిల్లలు ఎదురైనప్పుడు ‘మన ఇంట్లో కూడా ఒకరుంటే’ అనే మాట నలుగురిలో ఎవరి నోటా రాకుండా చూసుకునే బాధ్యత మీదే.

ఇప్పుడు తేదీలు. మీ అబ్బాయి చెప్పిన సమయంతో నేను ఏకీభవించను. డిసెంబరు 20 ప్రాంతం నుంచి జనవరి మొదటి వారం దాకా అక్కడ ఏడాది మొత్తంలోనే అన్నిటికంటే ఎక్కువ రద్దీ, టికెట్టు ధర కూడా అన్నిటికంటే ఎక్కువ. ఎందుకంటే వాళ్లు తేదీని బట్టి ధర నిర్ణయిస్తారు. బడి సెలవులు ఎప్పుడని చూసుకోవలసిన పిల్లలు లేకపోవడమే మీ నలుగురికీ ఉన్న పెద్ద వెసులుబాటు, దాన్ని వదులుకోవద్దు. నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్ హడావుడి ముగిసిన తరువాత, డిసెంబరు మొదటి రెండు వారాల్లో, సోమవారం నుంచి శుక్రవారం మధ్య వెళ్లమని నా సలహా. క్రిస్మస్ దీపాలూ అలంకరణలూ అప్పటికే పెట్టి ఉంటాయి. పగలు చల్లగా హాయిగా ఉంటుంది, పొద్దున, రాత్రి మాత్రం శాలువా కావాలి. వేసవిలో అక్కడి ఎండ మన వరంగల్ ఎండలా పొడిగా మాడ్చేది కాదు, ఒళ్లంతా జిగటగా ఉక్కపోసేది. దానికితోడు మధ్యాహ్నం ఉరుములతో వాన పడితే బయట తిరిగే రైడ్లన్నీ ఆపేస్తారు. డిసెంబరులో ఆ బాధ చాలా తక్కువ. ఆ రోజులు అబ్బాయి ఆఫీసుకు కుదరకపోతే, జనవరి చివరి వారం రెండో మంచి సమయం.

డిసెంబరులో ఒక మెలిక ఉంది, అది తెలియక చాలామంది నిరాశపడతారు. మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కులో కొన్ని రాత్రులు వేరే టికెట్టుతో క్రిస్మస్ వేడుక జరుగుతుంది. ఆ రోజుల్లో మామూలు టికెట్టు ఉన్నవారిని సాయంత్రం ఆరు గంటలకే బయటికి పంపిస్తారు, కోట మీది బాణసంచా చూడనివ్వరు. కాబట్టి ఆ వేడుక లేని రోజేదో చూసుకుని ఆ పార్కును ఆ రోజుకు పెట్టుకోండి.

స్థలం ఎంత పెద్దదో ముందే మనసులో ఉంచుకోకపోతే ప్రణాళిక తప్పుతుంది. మన రామోజీ ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాలు. డిస్నీ వరల్డ్ సుమారు 25,000 ఎకరాలు, అంటే పదిహేను రెట్లు. అందులో నాలుగు వేర్వేరు పార్కులు (మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, యానిమల్ కింగ్‌డమ్, హాలీవుడ్ స్టూడియోస్), రెండు నీటి పార్కులు, ఇరవైకి పైగా హోటళ్లు ఉన్నాయి. ఒక పార్కు నుంచి మరొకదానికి నడిచి వెళ్లగలిగే వీలు దాదాపు లేదు. ఐదు రోజుల్లో నాలుగు పార్కులూ వరుసగా చుట్టేయాలని మీ అబ్బాయి పట్టిక వేసి ఉంటాడు. వయసులో ఉన్నవాళ్లు అలాగే వేస్తారు. మూడేళ్ల కిందట మేము, మా అక్కాబావలు, నలుగురం పెద్దవాళ్లం అలాగే వెళ్లి, మూడో రోజు మధ్యాహ్నానికి ఒకరితో ఒకరు మాట్లాడలేనంత అలసిపోయాం. రెండు రోజులు పార్కులు, మూడో రోజు పూర్తిగా విశ్రాంతి, మళ్లీ రెండు రోజులు పార్కులు, ఇదీ మీకు నేను సూచించే క్రమం. విశ్రాంతి రోజుకు మీ ఇద్దరికీ టికెట్టు కొనవలసిన అవసరం కూడా లేదు.

బస డిస్నీ వారి హోటళ్లలోనే ఉండాలని ఈ ఒక్క విషయంలో గట్టిగా చెబుతాను, ఖర్చు కొంత ఎక్కువైనా సరే. అక్కడ దిగినవారిని ప్రతిరోజూ అందరికంటే అరగంట ముందు పార్కుల్లోకి వెళ్లనిస్తారు. రద్దీ లేని ఆ అరగంటలో, దాని తరువాతి గంటలో అయ్యే పని మధ్యాహ్నం మూడు గంటలు నిలబడినా కాదు. అంతకంటే ముఖ్యంగా, మధ్యాహ్నం గదికి తిరిగి వచ్చి రెండు గంటలు నడుం వాల్చి, సాయంత్రం మళ్లీ వెళ్లవచ్చు. మీ ఇద్దరికీ ఆ నిద్రే ప్రాణం. హోటళ్లు మూడు తరగతులు. తక్కువ ధర వాటిలో పాప్ సెంచరీ, మధ్య తరగతిలో కరీబియన్ బీచ్ మీకు సరిపోతాయి, ఎందుకంటే ఆ రెండింటి నుంచీ స్కైలైనర్ అనే తీగల మీద నడిచే గదుల బండి ఉంది. 2019లో మొదలైన ఆ బండి బస్సు మెట్లు ఎక్కే పని లేకుండా ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ పార్కుల ద్వారాల దగ్గర దింపుతుంది. డబ్బుకు వెసులుబాటు ఉంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ గురించి ఆలోచించండి. అక్కడ కొన్ని గదుల బాల్కనీలో టీ తాగుతూ జిరాఫీలు, జీబ్రాలు గడ్డి మేస్తుంటే చూడవచ్చు. ఎయిర్‌పోర్టు నుంచి హోటలుకు ఒకప్పుడు ఉచితంగా నడిచిన డిస్నీ బస్సు ఇప్పుడు లేదు, టాక్సీ ఖర్చు లెక్కలో వేసుకోండి.

మోకాళ్ల విషయంలో నా అనుభవం ఏమిటంటే, నడకకంటే వరుసలో నిలబడటమే ఎక్కువ నొప్పి పెడుతుంది. రోజుకు పది కిలోమీటర్ల నడక అక్కడ మామూలు. ఇప్పటి నుంచే రోజూ పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడవండి, వారానికి కొంత దూరం పెంచండి. అక్కడ వేసుకోబోయే బూట్లనే ఇక్కడ వేసుకుని నడవండి. కొత్త బూట్లు తెచ్చుకుని అక్కడ మొదటిసారి తొడుక్కోవద్దు. ఇంత చేసినా, పార్కు ద్వారం దగ్గర చక్రాల కుర్చీగాని, కూర్చుని నడుపుకునే విద్యుత్ స్కూటరుగాని అద్దెకు తీసుకోవడానికి వెనుకాడకండి. మేడారం జాతరలో కాళ్లు లాగుతున్నాయని ఎడ్లబండి ఎక్కినవారిని ఎవరైనా తప్పుపట్టారా?

ఏ పార్కుకు ఎన్ని రోజులు అన్నదే ఇక అసలు ప్రశ్న. నన్నడిగితే ఎప్‌కాట్‌కు రెండు రోజులు ఇవ్వండి. 1982లో తెరిచిన ఈ పార్కులో ఒక చెరువు చుట్టూ సుమారు రెండు కిలోమీటర్ల బాట, ఆ బాట మీద పదకొండు దేశాల వాకిళ్లు ఉంటాయి. సాంఘిక శాస్త్రం చెప్పిన మాస్టారుగారికి ఇంతకంటే నచ్చే చోటు అమెరికాలో ఎక్కువ దొరకదు. చైనా వాకిట్లో బీజింగ్‌లోని స్వర్గ దేవాలయం నమూనా, జపాన్ దగ్గర హోర్యూజీ ఆలయ గోపురాన్ని చూసి కట్టిన ఐదంతస్తుల గోపురం, ఇటలీ దగ్గర వెనిస్ నగరపు రాజభవనం ఉన్నాయి. మొరాకో వాకిట్లో కాస్త ఎక్కువసేపు ఆగండి. ఆ గోడల మీది రంగు పలకల పనిని చేయడానికి అప్పటి మొరాకో రాజు తన దేశపు శిల్పకారులను పంపించాడు. రామప్పలో మదనికల నగల మీది సన్నని చెక్కడాన్ని వేలితో చూపించి పిల్లలకు పాఠం చెప్పినవారు ఆ పనిలోని ఓపికను గుర్తుపట్టకుండా ఉండలేరు. మన దేశపు వాకిలి ఆ పదకొండింటిలో లేదన్న లోటు నాకు ఇప్పటికీ ఉంది. ఆ దేశాల బాట మామూలుగా పొద్దున పదకొండు గంటలకు తెరుస్తారు, కాబట్టి అంతకుముందు ఎప్‌కాట్ ముందు భాగంలోని రెండు నెమ్మదైన రైడ్లు చూసుకోండి. పెద్ద వెండి గోళం లోపల మనుషులు గుహల్లో బొమ్మలు గీసిన కాలం నుంచి అచ్చుయంత్రం, కంప్యూటర్ల దాకా ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకున్నారో చూపించే రైడు ఒకటి. పడవలో కూర్చోబెట్టి, మట్టి లేకుండా నీటిలో కూరగాయలు పండించే పందిళ్ల గుండా తీసుకుపోయేది రెండోది. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవారెవరికైనా ఈ రెండోది ఇంకోసారి ఎక్కాలనిపిస్తుంది.

యానిమల్ కింగ్‌డమ్‌కు ఒక రోజు చాలు, అదీ పొద్దున తొలి గంటలోనే సఫారీ బండి ఎక్కాలి. ఎండ ఎక్కితే జంతువులు నీడ పట్టున పడుకుంటాయి. బండి కుదుపుతుంది, నడుం నొప్పి ఉంటే ఆ సంగతి గుర్తుంచుకోండి. ఆ పార్కులోని ఆసియా భాగంలో ఆనందపూర్ అనే కల్పిత రాజ్యాన్ని కట్టారు. పాడుబడిన రాజుగారి వేట మహలు శిథిలాల మధ్య పులులు తిరుగుతుంటాయి; గోడల మీది బొమ్మలూ, రంగు వెలిసిన రాతలూ ఎంత శ్రద్ధగా చేశారంటే, మన ఊళ్ల దగ్గరి ఏదో పాత గడికి వచ్చినట్టు నాకు అనిపించింది. మ్యాజిక్ కింగ్‌డమ్‌కు మధ్యాహ్నం వెళ్లి రాత్రి బాణసంచా దాకా ఉండండి. పసిపిల్లలతో వచ్చిన కుటుంబాలు బాణసంచా కాగానే వెళ్లిపోతాయి, ఆ తరువాత వరుసలు సగం ఖాళీ. అక్కడ 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం తయారైన, ఒక అమెరికన్ కుటుంబం ఇంట్లోకి కరెంటు సామాను ఒక్కొక్కటిగా ఎలా వచ్చిందో చూపించే తిరిగే నాటకశాల కూర్చుని చూడదగినది. హాలీవుడ్ స్టూడియోస్‌లో ఎక్కువగా వేగపు రైడ్లు. మూడో రోజు మీ ఇద్దరూ విశ్రాంతి తీసుకుని అక్కడికి అబ్బాయినీ కోడలినీ ఇద్దరినే పంపించండి. ఐదేళ్ల కాపురంలో అత్తమామలు వచ్చినప్పుడు కూడా ఇద్దరికీ ఒక రోజు దొరకడం వాళ్లకు ఎంత ఇష్టంగా ఉంటుందో మీకు తెలియనిది కాదు.

బీపీ ఉన్న మీ వారు ప్రతి రైడు ముందూ పెట్టిన హెచ్చరిక పలక చదివి గాని ఎక్కకూడదు. రక్తపోటు, గుండె, నడుం, మెడ ఇబ్బందులు ఉన్నవారు ఎక్కవద్దని వేటి ముందు రాశారో, వాటిని పంతానికి పోకుండా వదిలేయాలి. ఎప్‌కాట్‌లో రాకెట్టు ప్రయాణంలా గిరగిరా తిప్పేది, హాలీవుడ్ స్టూడియోస్‌లో లిఫ్టులా పైనుంచి జారవిడిచేది ఆయనకు పనికిరావు. ఆ పలకల మీద గర్భిణులు ఎక్కవద్దని కూడా ఉంటుంది. ఎప్పుడైనా మీ కోడలు ఒక రైడు ఎక్కనంటే దానికి అర్థాలు వెతకకండి, ఎందుకని అడగకండి. తల తిరుగుతుందని కూడా మానేయవచ్చు.

షుగర్ మందులు చేతి సంచిలోనే ఉండాలి. ఇన్సులిన్ వాడుతుంటే, ప్రతి పార్కులోనూ ఉన్న ప్రథమ చికిత్స కేంద్రంలో చల్లగా దాచిపెట్టమని అడగవచ్చు. ఇక్కడి నుంచి బయలుదేరేముందు తీసుకునే ప్రయాణ బీమాలో, ముందు నుంచీ ఉన్న జబ్బులకు ఎంతవరకు వర్తిస్తుందో ఆ ఒక్క పేజీ అయినా అబ్బాయితో చదివించుకోండి.

తిండికి మీరు భయపడినంత ఇబ్బంది లేదు. మన దగ్గరి పార్కుల్లో ద్వారం దగ్గరే టిఫిన్ డబ్బా తీయించేస్తారు గాని, అక్కడ గాజు సీసాలూ మద్యమూ లేకుండా ఇంటి తిండి తీసుకుపోనిస్తారు. పొద్దున కోడలితో కలిసి పులిహోర కలుపుకుని, ఇక్కడి నుంచి తీసుకుపోయిన సకినాలు సంచిలో వేసుకుంటే మధ్యాహ్నం గడిచిపోతుంది, షుగర్ ఉన్నవారికి వేళకు తిండీ అందుతుంది. హోటలు గదిలో వంటిల్లు ఉండదు కాబట్టి చిన్న కరెంటు కుక్కరు పెట్టుకోవడానికి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి. పార్కుల్లోని తిండి పట్టికల్లో పాలూ గుడ్లూ కూడా లేని పూర్తి శాకాహారానికి ఆకు గుర్తు వేస్తారు. చల్లటి మంచినీళ్లు శీతల పానీయాలు అమ్మే కౌంటర్లలో అడిగితే డబ్బు తీసుకోకుండా ఇస్తారు, సీసాలు కొనవద్దు. ఒక్క పూట మాత్రం యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లోని సనా అనే హోటలులో తినండి, మీరు అక్కడ బస చేయకపోయినా సరే. నాన్ రొట్టెలు, రకరకాల పచ్చళ్లు తెచ్చి పెడతారు, కిటికీ బయట జిరాఫీలు తిరుగుతుంటాయి. దానికి అరవై రోజుల ముందే చోటు ఖాయం చేసుకోవాలి.

ఖర్చు గురించి రెండు మాటలు. టికెట్టు మనిషికి రోజుకు నూరు డాలర్లకు పైనే, ఎక్కువ రోజులకు ఒకేసారి తీసుకుంటే రోజుకు పడే ధర తగ్గుతుంది. వరుస తప్పించుకునే లైట్నింగ్ లేన్ అనే అదనపు టికెట్టును రోజూ కొనవలసిన అవసరం లేదు; మ్యాజిక్ కింగ్‌డమ్ వెళ్లే ఒక్క రోజుకు కొంటే చాలు. డిస్నీ హోటలులో ఉన్నవారికి ఏడు రోజుల ముందే దాన్ని ఎంచుకునే వీలుంది. అబ్బాయే అంతా పెట్టుకుంటానంటాడు. మీ వారి పెన్షన్ డబ్బులోంచి ఆ సనా భోజనమైనా మీరు పెట్టించండి.

చీర గురించి మీరు అడగలేదు గాని చెబుతాను. నడిచే రోజుల్లో పంజాబీ డ్రెస్సే మేలు, పైట రైడ్ల కడ్డీల్లో చిక్కుకుంటుంది. ఎప్‌కాట్‌లో చెరువు మీద రాత్రి దీపాల ప్రదర్శన చూసే సాయంత్రం మాత్రం మంచి చీర కట్టుకోండి, శాలువా కప్పుకోండి, నలుగురూ ఫొటో తీయించుకోండి.

హోటలు, తేదీలు ఇప్పుడే ఖాయం చేయడం అవసరం, కాబట్టి ఈ ఆదివారం డాలస్‌కు ఫోను చేసినప్పుడు అబ్బాయితో కాక ముందు కోడలితో మాట్లాడండి. మాకిద్దరికీ రావాలని ఉందని చెప్పి, డిసెంబరు మొదటి వారం నీకు కుదురుతుందా అమ్మా అని ఆమెనే అడగండి.